రంగుగుండు యంత్రము: మార్పులు, సంరక్షణ

ఆటవస్తువులలో కొన్ని కొనిన దినముననే పూర్తియైనవి. చదరంగపు బల్ల అట్టిది. మరికొన్ని కొనిన పిమ్మట ఆటగాని చేతిలో క్రమక్రమముగా తయారగును. క్రొత్త క్రికెట్ బ్యాటునకు నూనె పట్టించి, పాతబంతితో పలుమారులు తట్టి గాని మైదానమునకు తీసికొనిపోరు. ఈ రెండవ జాతికి చెందిన ఒక చిత్రమైన వస్తువును గూర్చి నేడు ముచ్చటింపదలచితిమి. దాని పేరు పంప్ యాక్షన్ పెయింట్‌బాల్ మార్కరు. హైదరాబాదు శివార్లలోని విహారస్థలములలో ఈ రంగుగుండ్ల ఆట కొంతకాలముగా నడచుచున్నది. అమెరికాలో చదువుకొనుచున్న మన యువకులలో సెలవుదినమున ఈ ఆట ఆడి, ఒడలిపై నాలుగు నీలిమచ్చలతో తిరిగివచ్చినవారు కలరు. కావున ఈ విషయము మన యిండ్లకు మరీ దూరమైనది కాదు.

ముందుగా గుండును చూతము. మందుల దుకాణములో దొరకు చేపనూనె గుళికను మన మందరము ఎరుగుదుము. రంగుగుండును అట్టిదే. జిలటిన్ తొడుగులో రంగుద్రవమును నింపి గుండ్రముగా చేసిన గుళిక అది. సాధారణమైన కొలత 0.68 అంగుళము, అనగా 17 మిల్లీమీటర్లకు కొంచె మెక్కువ. బరువు సుమారు 3 గ్రాములు. ఎదుటివానికి తగిలినచో పగిలి రంగు చిమ్మును. రంగు పడినవాడు ఆటనుండి తొలగవలయును. ఆట యంతయు ఇంతే.

దీనిని విసరు యంత్రమునకు తుపాకి యనక మార్కరు అను పేరు కలుగుటకు కారణము కలదు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రపు ఐరన్ మౌంటెన్ పట్టణమున నెల్సన్ అను రంగుల సంస్థ కలదు. అడవిలో నరుకవలసిన చెట్లకు గుర్తు పెట్టుటకు అటవీశాఖవారును, మందలోని పశువులకు గుర్తు పెట్టుటకు పశుపాలకులును ఆ సంస్థ రంగులను వాడెడివారు. వాగు కావలనున్న చెట్టునకు గాని, దగ్గరకు రానీయని ఆబోతునకు గాని కుంచెతో రంగు పూయుట కష్టము గదా! అందుకై దూరమునుండి రంగుగుండు విసరు సాధనము పుట్టినది. గాలితుపాకులు చేయుటలో పేరొందిన డెయిజీ సంస్థ నెల్సనువారి కొరకు తయారుచేసిన ఆ సాధనమునకు నెల్‌స్పాట్ 007 అని పేరు.

1981 జూన్ 27వ తేదీన న్యూ హాంప్‌షైర్ రాష్ట్రములోని హెనికర్ గ్రామప్రాంతపు అడవిలో పన్నెండుగురు ఈ సాధనములను చేతబట్టి ఒక పోటీ ఆడిరి. నగరవాసి గొప్పవాడా, అడవి నెరిగినవాడు గొప్పవాడా అను మిత్రుల వాదమునుండి ఆ పోటీ పుట్టెను. అడవిలో అచ్చటచ్చట నాటిన జెండాలను ఇతరుల కంటబడకుండ సేకరించి తెచ్చుట అందలి పని. గెలిచినవాడు రిచీ వైట్ అను అటవీ నిపుణుడు. ఆయన ఒక్క గుండునైనను పేల్చక గెలిచెను! ఈ ఆట చరిత్రలో ఇది మొదటి పాఠము. యంత్రబలముకంటె ఓర్పు ముఖ్యమని చాటిన ఆ పాఠమును ఈ ప్రసంగమంతటను మనము గుర్తుంచుకొనవలయును.

ఆ 007 యంత్రమునకు ఒక చిక్కుండెను. ఒక్కొక్క గుండు పేల్చిన పిమ్మట వెనుకనున్న బోల్టును చేతితో త్రిప్పి లాగి, మరల ముందునకు నెట్టవలయును. క్రొత్త గుండు లోనికి దొరలుటకై యంత్రమును ముందునకో వెనుకకో వాల్చవలయును. ఇంతలో ఎదుటివాడు చెట్టుచాటునకు పోవును. ఆటగాండ్రు తమ యింటి పనిముట్లతోనే ఉపాయము కనిపెట్టిరి. గొట్టము క్రింద ఒక పిడి అమర్చి, దానిని కడ్డీతో బోల్టునకు తగిలించిరి. ఎడమచేతితో పిడిని వెనుకకు లాగి ముందునకు నెట్టినచో పని ముగియును. ఇదియే పంపు. పిమ్మట కర్మాగారములు ఆ మార్పును స్వీకరించి, పంపుతోనే యంత్రములను తయారుచేసినవి. ఆటగాని మరమ్మతు కర్మాగారమునకు నమూనా యయ్యెను.

ఇంకొక ముచ్చటయు చెప్పదగియున్నది. స్నైపర్ అను పంపు యంత్రమునకు వాయుబలముతో పంపు దానంతట అదియే కదలునట్లు చిన్న చిన్న వాయుసాధనములను చేర్చగా, 1990 ప్రాంతమున ఆటోకాకర్ అను స్వయంచాలక యంత్రము వెలసినది. కొంతకాలమునకు కొందరు ఆటగాండ్రు ఆ ఆటోకాకరునుండి ఆ సాధనములనే తొలగించి, మరల చేతిపంపు తగిలించుకొనిరి. వేగముగా గుండ్లు కురిపించు యంత్రము చేతికి వచ్చిన పిమ్మట, ఒక్క లాగునకు ఒక్క గుండు అను నియమములోని రుచి వారికి తెలియవచ్చెనన్నమాట.

ఇక యంత్రము లోపలి సంగతి. దీనికి బలము నిచ్చునది బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడు. పన్నెండు గ్రాముల వాయువుతో నిండిన చిన్న ఉక్కుబుడ్డి ఒకటి రెండు మూడు పదుల గుండ్లకు చాలును. వాయువును బంధించి ఉంచు వాల్వు ఎట్లు పనిచేయునో తెలియుటకు గోలీసోడాను తలచుకొనుడు. సీసాలోని వాయువే గోలీని పైకి నెట్టి రబ్బరు వలయమునకు అదిమిపట్టును. వాయుబలము ఎంత ఎక్కువైనచో మూత అంత బిగువు. బొటనవ్రేలితో గోలీని ఒత్తిన క్షణమున వాయువు బుస్సుమని వెలువడును. మార్కరులోను ఇంతే. గోలీకి బదులు చిన్న గిన్నెవంటి బిరడా ఒకటి వాయుబలముచేతను, సన్నని స్ప్రింగు చేతను మూసుకొనియుండును. బొటనవ్రేలికి బదులు సుత్తి యని పిలువబడు లోహపు ముక్క యుండును. పంపు లాగినపుడు సుత్తి కొక్కెమునకు తగిలి నిలుచును. ట్రిగ్గరు నొక్కినపుడు కొక్కెము వదలును. బలమైన స్ప్రింగు సుత్తిని వాల్వుపైకి విసరును. వాల్వు రెప్పపాటు కాలము తెరచుకొని, వెలువడిన వాయువు గుండును గొట్టము వెంట తరుమును.

నెల్సను పద్ధతిలో ఈ భాగములన్నియు ఒకే గొట్టములో వరుసగా నుండును. విస్కాన్సిన్ రాష్ట్రపు రసీన్ పట్టణమున వెలసిన షెరిడన్ పద్ధతిలో రెండు గొట్టములు ఒకదానిపై నొకటి యుండి, క్రిందిదానిలో సుత్తియు వాల్వును, పైదానిలో బోల్టును పనిచేయును. పద్ధతి ఏదైనను సూత్ర మొక్కటే. రెండు స్ప్రింగుల పోరులో వాల్వు ఎంతసేపు తెరచియుండునో, గుండు వేగము దానిపై ఆధారపడియుండును.

ఈ సూత్రము తెలిసినవానికి మార్పు చేయుట సులభము; సులభమగుట చేతనే ప్రమాదమును కలదు. సుత్తి స్ప్రింగును గట్టిదిగా మార్చినచో వేగము పెరుగును. అయితే ఎంతవరకు? ఆటస్థలములలో పెద్ద హద్దుగా చాలకాలమునుండి నిలిచినది సెకనుకు 300 అడుగులు, అనగా గంటకు దాదాపు 330 కిలోమీటర్లు. కొన్నిచోట్ల, ముఖ్యముగా కప్పు క్రింద ఆడు స్థలములలో, ఇంతకంటె తక్కువగనే నిర్ణయింతురు. మూడు గ్రాముల గుండే గదా యని తోచవచ్చును. కాని వేగము పదింట ఒకవంతు పెరిగినచో తాకిడి బలము పదింట ఒకవంతు మాత్రమే పెరుగదు. నూటికి ఇరువదియొక్క వంతులు పెరుగును. 300 అడుగులు 330 అగుట స్ప్రింగు మార్చినవానికి చిన్నమాట. తగిలించుకొన్నవానికి అట్లు కాదు.

కంటికి తగిలిన రంగుగుండు చూపునే హరింపగలదు. వైద్యులు తమ పత్రికలలో నమోదుచేసిన కంటిగాయములలో హెచ్చుభాగము ముసుగు ధరింపనప్పుడు గాని, ఆట ముగిసినదని ముసుగు తీసినప్పుడు గాని జరిగినవే. ఈ ఆటకై ప్రత్యేకముగా పరీక్షింపబడిన ముసుగులు కలవు. వాటికి బదులు మోటారుసైకిలు కండ్లద్దములో, ఎండ అద్దములో పెట్టుకొనుట కంటిని పందెము కాయుటయే. యంత్రమును ఇంటిలో విప్పి సరిచూచునపుడు సైతము, వాయువు దానిలో నున్నంతవరకు ముసుగు ముఖముననే యుండవలయును.

కావున మార్పులలో రెండు తెగలను వేరుపరచుకొందము. వేగమును పెంచుటకు చేయునవి ఒక తెగ. ప్రతి గుండును ఒకే తీరున పోవునట్లు చేయునవి మరియొక తెగ. మొదటి తెగ వలన ఆటగానికి కలుగు లాభము స్వల్పము. హద్దు దాటినచో ఆటస్థలపు ద్వారముననే ఆపివేయుదురు. రెండవ తెగయే నిజమైన నేర్పు. అయిదు గుండ్లు పేల్చి వేగము కొలిచినపుడు 278, 281, 280, 279, 282 వచ్చిన యంత్రమునొకదానిని, 250, 299, 265, 290, 271 వచ్చిన యంత్రమునొకదానిని ఊహించుకొనుడు. మొదటిది చేతికి అలవడును. రెండవదానితో గురి యన్నది అదృష్టమునకే వదలవలసివచ్చును.

రెండవ తెగలో అన్నిటికంటె ఫలమిచ్చునది గొట్టమునకును గుండునకును గల పొత్తు. గుండ్లన్నియు 0.68 అని పేరేగాని, పెట్టె పెట్టెకును అంగుళములో వేయవవంతుల తేడాలుండును. గాలిలోని తేమను త్రాగి జిలటిన్ ఉబ్బును, చలికి పెళుసెక్కును. గొట్టము వదులైనచో వాయువు గుండు ప్రక్కలనుండి వృథాగా పోవును. బిగువైనచో గుండు లోపలనే పగులును. దీనికి ఖరీదైన కొలబద్ద అక్కరలేదు. యంత్రమునుండి పూర్తిగా విప్పిన వట్టి గొట్టములో గుండు నుంచుడు. అది తనంతట జారిపడక నిలిచి, నోటితో ఊదినచో వెలికి రావలయును. ఇదియే సరియైన పొత్తు. గొట్టములు పలుకొలతలలో దొరకును గనుక, ఆనాటి గుండ్లకు తగినదానిని అమర్చుకొనుట తెలివియైన ఆటగాని లక్షణము.

తరువాతిది పంపు నడక. పిడిని నడుపు కడ్డీ వంకర లేక, రాపిడి లేక జారవలయును. ఆటగాడును పూర్తిగా వెనుకకు లాగి, పూర్తిగా ముందునకు నెట్టు అలవాటు చేసికొనవలయును. తొందరపాటున సగము నడిపి మరల లాగినచో రెండు గుండ్లు ఒకేసారి లోన బడుటయో, గుండు నలిగి పగులుటయో తటస్థించును.

ట్రిగ్గరు విషయమున జాగ్రత్త మరింత అవసరము. మృదువుగా నుండవలెనని కొక్కెపు అంచును ఆకురాయితో అరగదీయువారు కలరు. ఒక వెండ్రుకవాసి ఎక్కువ అరిగినచో సుత్తి నిలువక, వ్రేలు తగులకుండగనే జారి పేలును. ఆ పనిని చేయితిరిగిన మరమ్మతుదారునకు వదలుట మేలు. కొన్ని పంపు యంత్రములలో ట్రిగ్గరు నొక్కిపట్టి పంపు మాత్రమే నడిపినచో, నడిపినంతసేపు గుండ్లు పోవుచుండును. దీనిని అనుమతింపని పోటీలును కలవు గనుక ముందుగా నియమములను తెలిసికొనవలయును.

ఇక వాయువు. బొగ్గుపులుసు వాయువు బుడ్డిలో సగము ద్రవరూపమున నుండును. దాని ఒత్తిడి వేడిమితో మారును. సెంటీగ్రేడు సున్న డిగ్రీల యొద్ద అది మన చుట్టునున్న గాలి ఒత్తిడికి సుమారు 34 రెట్లు; 20 డిగ్రీల యొద్ద 56 రెట్లు; 30 డిగ్రీల యొద్ద 71 రెట్లు. చలిదేశపు పుస్తకములలో శీతకాలమున వేగము తగ్గుననియే ఫిర్యాదు. మన తెలుగుదేశపు ఎండలలో సమస్య తలక్రిందులగును. ఉదయపు చల్లదనములో హద్దునకు సరిగ్గా సరిపెట్టిన యంత్రము మిట్టమధ్యాహ్నమున హద్దు దాటవచ్చును. కనుక వేగమును హద్దునకు కొంత దిగువగా నుంచుటయు, మధ్యాహ్నమున మరల కొలుచుటయు విధి. మూసిన కారులో ఎండవేళ బుడ్లను వదలిపోరాదు. పంపు యంత్రమునకు ఈ వాయువు విషయమున ఒక సహజమైన మేలు కలదు. వాయువు వెలువడునపుడు చల్లబడును. వెంటవెంట పేల్చు యంత్రము చల్లబడి వేగము తప్పును. పంపు ఆటగాడు గుండునకు గుండునకు నడుమ ఇచ్చు విరామములో యంత్రము తేరుకొనును.

చిన్నబుడ్డికి బదులు మరల నింపుకొను పెద్ద సిలిండరును తగిలించుట సామాన్యమైన మార్పు. ఇచ్చట ఒక హెచ్చరిక. సిలిండరునకు పైన ఇత్తడి వాల్వు మరచుట్టుతో బిగింపబడియుండును. ఆ వాల్వు మరల యంత్రమునకు బిగింపబడును. యంత్రమునుండి విప్పునపుడు రెండును కలిసి తిరుగవలయును. వాల్వు కదలక సిలిండరు మాత్రమే తిరిగినచో, అది వాల్వునుండి ఊడి రాకెట్టువలె దూసికొనిపోవును. ఇట్టి ప్రమాదములలో అమెరికాలో 2003, 2004 సంవత్సరములలో ప్రాణములు పోయినవి. తప్పించుకొను ఉపాయము అతిసులభము. వాల్వుమీదను సిలిండరుమీదను కలిసివచ్చునట్లు గోళ్ళరంగుతో ఒక నిలువుగీత గీయుడు. విప్పునపుడు ఆ గీత రెండుగా చీలినట్లు కనిపించిన తక్షణమే త్రిప్పుట ఆపి, తెలిసినవానికి చూపవలయును. గోళ్ళరంగు సీసా ఖరీదెంత, ప్రాణము ఖరీదెంత!

మార్పులకంటె దినదిన సంరక్షణ ముఖ్యమని మేము గట్టిగా చెప్పదలచితిమి. ఆట ముగియగనే గొట్టమునకు గుడ్డతొడుగు తొడిగి, గుండ్లు తీసివేసి, వాయువును విడదీసి, లోన మిగిలిన వాయువును నిర్జనమైన దిక్కునకు పేల్చి వెలువరింపవలయును. లోన గుండు మిగిలినదేమో కంటితో చూడవలయును. పిమ్మటనే విప్పుట. తొలినాళ్ళ గుండ్లలో నూనెరంగు ఉండెడిది గనుక టర్పెంటైను వాడవలసివచ్చెడిది. నేటి రంగు నీటిలో కరగును. గోరువెచ్చని నీరు, మెత్తని గుడ్డ చాలును. ఎండిన రంగు మాత్రము బంకవలె పట్టుకొని, తరువాతి గుండ్లను వంకరగా పంపును. కావున రేపటికి వాయిదా వేయరాదు.

వాయువు కారునపుడు కంగారు పడక చోటు వెదకుడు. సైకిలు మరమ్మతువాడు ట్యూబును నీళ్ళతొట్టిలో ముంచి బుడగలనుబట్టి రంధ్రము కనిపెట్టును. ఇచ్చట అతుకులపై సబ్బునీరు పూసినచో బుడగలు చోటు చెప్పును. ఆ అతుకులోని రబ్బరు వలయము, వాడుకలో ఓ-రింగు, తెగియో నలిగియో యుండును. గొట్టము చివరనుండి సన్నని బుస వినబడినచో గిన్నెవంటి బిరడాయే అరిగినదని గ్రహింపవలయును. ఓ-రింగులు స్వల్పమైన ఖరీదువి. చిన్న డబ్బాలో నాలుగు దాచుకొనుట మంచిది. తయారీదారులు చెప్పిన పలుచని నూనె రెండు చుక్కలు చాలును. తుప్పు వదలించుటకు వాడు పిచికారీ నూనెలను వారు సాధారణముగా నిషేధింతురు, రబ్బరు చెడునని. దాచునపుడు సుత్తిని కొక్కెమునకు తగిలించి యుంచరాదు, స్ప్రింగు నీరసించును. గుండ్ల పెట్టెను చల్లని పొడిచోట నుంచి, అప్పుడప్పుడు తలక్రిందులు చేయుచుండినచో అవి ఒకవైపు చదునెక్కవు.

చివరిమాటగా ఒక పద్ధతి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయుడు. చేసినదానిని చిన్న పుస్తకములో వ్రాసి, అయిదు గుండ్ల వేగము కొలిచి ప్రక్కన చేర్చుడు. మేలు కలుగనిచో పాతభాగమును మరల అమర్చుడు. స్ప్రింగును, గొట్టమును, ట్రిగ్గరును ఒకే సాయంకాలమున మార్చినవానికి యంత్రము బాగుపడినను కారణము తెలియదు, చెడినను తెలియదు. కుట్టుమిషనును పాతికేండ్లు పనిచేయించుకొను గృహిణికి ఈ రహస్యము తెలియును. ఆమె మిషనునకు వేగము పెంచదు. నూనె వేయును, దారపు బిగువు సరిచూచును, మొద్దుబారిన సూది మార్చును. రంగుగుండు యంత్రము కోరునదియు అంతకంటె ఎక్కువ కాదు. మీ యింటి కుర్రవాడు ఈ ఆటకు పోదునన్నచో వలదనవలసిన పనిలేదు. ముసుగు ఏదియని అడుగుడు, గోళ్ళరంగు గీత గీసితివా యని అడుగుడు, వేగము ఎంతకు సరిపెట్టితివని అడుగుడు. ఈ మూడింటికి తడుముకొనక సమాధానము చెప్పినచో సంతోషముగా పంపుడు.